జబ్బుకు నొప్పి లేదు... మందుకే మంట!

గ్లాకోమా ఉన్నవాళ్లు చుక్కల మందు ఏళ్ల తరబడి వేసుకోవాలి. వేసుకోగా వేసుకోగా కొందరికి ఆ చుక్కలతోనే కన్ను ఎర్రబడుతుంది, మండుతుంది, పొడిబారుతుంది. ఓర్చుకోలేక మందు మానేస్తే చూపు పోతుంది. కంటి వెనకాల నరాన్నీ కంటి పైపొరనూ కలిపి కాపాడుకునే దారులు ఇప్పుడు ఉన్నాయి. వాటి గురించే ఈ కథనం.

గ్లాకోమా మొదలైన చాలా ఏళ్ల వరకూ మనిషికి ఏమీ తెలియదు. కన్ను నొప్పెట్టదు. పేపరు చదవడానికి ఇబ్బంది ఉండదు. టీవీలో కింద పరుగెత్తే అక్షరాలూ కనిపిస్తూనే ఉంటాయి. కళ్లద్దాలు మార్పించుకుందామని వెళ్తే డాక్టరు కంటి ఒత్తిడి కొలిచి, నరం చూసి, ‘రోజూ రాత్రి ఒక చుక్క వేసుకోండి, మానొద్దు’ అంటారు. అప్పటిదాకా హాయిగా ఉన్న కన్ను ఆ చుక్క పడ్డాకే మండటం మొదలవుతుంది. పొద్దున లేచేసరికి ఎర్రగా ఉంటుంది. ‘రాత్రి నిద్రలేదా’ అని ఆఫీసులో అడుగుతారు. పెళ్లికి వెళ్తే కళ్లకలక అనుకుని పక్కకు జరుగుతారు.

మామూలుగా మందు వేసుకునేది బాధ తగ్గడానికి. ఇక్కడ జబ్బు బాధపెట్టదు, మందు బాధపెడుతుంది. పైగా వేసుకున్నందుకు చూపేమీ మెరుగవదు. ఇక ఎందుకు వేసుకోవాలి అని చాలామంది ఇంట్లో ఎవరికీ చెప్పకుండానే మానేస్తారు. సీసా అల్మరాలో ఉంటుంది, చుక్క కంట్లో పడదు. గ్లాకోమా వైద్యంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

పూడిక పడిన తూము

కంటి ముందు భాగంలో పలచటి నీరు నిరంతరం ఊరుతూ ఉంటుంది. ఇది కన్నీరు కాదు, కంటి లోపలి నీరు. లెన్సుకూ, కంటి ముందున్న పారదర్శక పొర కార్నియాకూ పోషణ అందించి, నల్లగుడ్డు అంచు దగ్గరున్న జల్లెడలాంటి కణజాలం గుండా రక్తంలోకి వెళ్లిపోతుంది. చెరువులోకి నీరు వస్తూనే ఉండి, తూము పూడిపోతే ఏమవుతుందో కంట్లోనూ అదే జరుగుతుంది. ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి భారం వెనక ఉన్న కంటి నరం మీద పడుతుంది. ఒక్కో కంటి నరంలో దాదాపు పది, పన్నెండు లక్షల సన్నని పోగులుంటాయి. అవి ఒక్కొక్కటే చనిపోతూ వస్తాయి. చచ్చిన పోగు మళ్లీ పుట్టదు.

మొదట దెబ్బతినేది పక్క చూపు. ఒక కంట్లో పోయిన భాగాన్ని రెండో కన్ను సర్దేస్తుంది. అందుకే గోడ మీది అక్షరాల చార్టు చివరి వరుస దాకా చదివినవారికీ గ్లాకోమా ఉండొచ్చు. నరాన్ని చూడాలి, ఒత్తిడి కొలవాలి, నీరు వెళ్లే మూలను లెన్సుతో పరిశీలించాలి, చూపు పరిధిని యంత్రం మీద పరీక్షించాలి. ఒత్తిడి సాధారణంగా పాదరస మట్టం లెక్కలో 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అయితే ఈ అంకె ఒక్కటే చూసి జబ్బు లేదనలేం. ఒత్తిడి హద్దులో ఉన్నా నరం దెబ్బతినేవారున్నారు.

మన దేశంలో నలభై దాటినవారిలో దాదాపు కోటీ పన్నెండు లక్షల మందికి గ్లాకోమా ఉండొచ్చని 2010లో వైద్య పరిశోధకులు అంచనా కట్టారు. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1990ల చివర్లో చేసిన ‘ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల అధ్యయనం’ ఇంకో సంగతి బయటపెట్టింది. నగరంలో పరీక్షించినప్పుడు ఓపెన్ యాంగిల్ గ్లాకోమా (నీరు వెళ్లే మూల తెరిచే ఉండే రకం) బయటపడినవారిలో పదింట తొమ్మిది మందికి పైగా తమకా జబ్బు ఉందనే తెలియదు. పెద్దాసుపత్రులు కూతవేటు దూరంలో ఉన్న నగరంలోనే పరిస్థితి అలా ఉంది.

శుక్లం వల్ల మసకబారిన చూపు ఆపరేషన్‌తో తిరిగొస్తుంది. గ్లాకోమాలో పోయిన చూపు రాదు. ఇంకా మిగిలి ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే వైద్యం. అందుకు ఇప్పటివరకూ రుజువైన మార్గం ఒక్కటే, కంటి ఒత్తిడి తగ్గించడం. స్వీడన్‌లో కొత్తగా గ్లాకోమా బయటపడినవారిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, తగ్గించగలిగిన ప్రతి ఒక్క మిల్లీమీటరుకూ జబ్బు ముదిరే ముప్పు సుమారు పది శాతం తగ్గింది. అంటే రోజూ పడే చుక్కకు అంత విలువ ఉంది.

సీసాలో ఉన్న రెండో మందు

గ్లాకోమా చుక్కలకు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. 1870ల్లో పైలోకార్పిన్ వచ్చింది. 1978లో అమెరికాలో అనుమతి పొందిన టిమొలాల్ రోజుకు రెండు చుక్కలతో పని జరిపించింది. ఆ తర్వాత హంగరీలో పుట్టి అమెరికాలో పరిశోధన చేసిన లాస్లో బీటో ఎవరూ నమ్మని దారి పట్టాడు. ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు కంట్లో వాపు తెస్తాయి, ఒత్తిడి పెంచుతాయి అని అందరూ అనుకుంటున్న రోజుల్లో, కొద్ది మోతాదులో అవే ఒత్తిడిని దించుతాయని చూపించాడు. ఆ బాటలో 1996లో లాటానోప్రోస్ట్ వచ్చింది. రాత్రికి ఒక్క చుక్క చాలు. ఇప్పటికీ ఎక్కువమందికి డాక్టర్లు మొదట రాసేది ఈ కుటుంబపు మందులే.

ఈ మందులకు రక్తనాళాలను వెడల్పు చేసే గుణం ఉంది. కన్ను ఎర్రబడేది అందుకే. మొదటి వారాల్లో ఎక్కువగా ఉండి, చాలామందికి తర్వాత కొంత తగ్గుతుంది. రెప్పల చుట్టూ చర్మం నల్లబడటం, కళ్లు కొంచెం లోపలికి పోయినట్టు అనిపించడం, రెప్పల అంచున ఉండే నూనె గ్రంథులు మందగించడం కూడా వీటివల్ల జరుగుతాయి. కనురెప్పల వెంట్రుకలు ఒత్తుగా, పొడుగ్గా పెరుగుతాయి. ఈ గుణాన్ని చూసి బైమాటోప్రోస్ట్‌ను అందం కోసమే వేరే పేరుతో అమ్మడానికి 2008లో అమెరికా అనుమతించింది.

మంటకు ఇంకో పెద్ద కారణం మందులో కాదు, మందును పాడవకుండా ఉంచే రసాయనంలో ఉంది. సీసా మూత నెలపాటు రోజూ తీస్తాం. క్రిములు చేరకుండా అందులో ప్రిజర్వేటివ్ కలుపుతారు. ఎక్కువ సీసాల్లో ఉండేది బెంజాల్కోనియం క్లోరైడ్. నేల తుడిచే క్రిమిసంహారకాల్లో వాడేది కూడా ఈ పదార్థమే. ఇది సబ్బు జాతిది. కొవ్వును కరిగించి క్రిమి పొరను చీల్చి చంపుతుంది. దానికి క్రిమి కణం, కంటి కణం అనే తేడా తెలియదు.

మన కంటి మీద కన్నీటి పొర ఉంటుంది. అందులో నీరు, జిగురు, పైన సన్నని నూనె ఉంటాయి. నూనె ఉన్నంతసేపే నీరు ఆవిరి కాకుండా ఆగుతుంది. ప్రిజర్వేటివ్ ఆ నూనెను చెదరగొడుతుంది. జిగురు తయారుచేసే కణాలను తగ్గిస్తుంది. కార్నియా పైపొరలో సూది మొనలంత గాయాలు చేస్తుంది. ఇసుక పడినట్టు ఉండటం, ఫ్యాను గాలి తగిలితే మంట, వెలుతురు చూడలేకపోవడం, పొడిబారిన కంటి నుంచే ఆగకుండా నీరు కారడం... ఇవన్నీ ఆ గాయాల గుర్తులు.

ఒక్క మందైతే చాలామంది తట్టుకుంటారు. ఒత్తిడి దిగక రెండోది, మూడోది చేరేసరికి లెక్క మారుతుంది. టిమొలాల్ రోజుకు రెండుసార్లు, డోర్జోలమైడ్ మూడుసార్లు, లాటానోప్రోస్ట్ ఒకసారి వేసుకునే మనిషి కంట్లో రోజుకు ఆరుసార్లు ప్రిజర్వేటివ్ పడుతుంది. ఏడాదికి రెండు వేల పైచిలుకు సార్లు! ఫ్రాన్స్‌లో నాలుగు వేల మందికి పైగా గ్లాకోమా రోగులను పరిశీలించి 2002లో వెలువరించిన అధ్యయనంలో ప్రిజర్వేటివ్ ఉన్న చుక్కలు వాడేవారిలో 40 శాతం మంది మంట ఉందన్నారు. లేనివి వాడేవారిలో అలా చెప్పినవారు 22 శాతమే. చుక్కలు మార్చాక బాధలు తగ్గాయని కూడా అదే అధ్యయనంలో తేలింది. అంటే ఈ గాయం చాలావరకు మానే గాయమే.

మరి డాక్టర్లు దీన్ని ఎందుకు పట్టించుకోవాలి, చూపు నిలిస్తే చాలదా అంటే, చాలదు. పైపొర చెడితే గ్లాకోమా వైద్యం కూడా చెడుతుంది. పొడిబారిన కంటితో చూపు పరిధి పరీక్షకు కూర్చుంటే దీపపు చుక్కలు సరిగా కనిపించవు. జబ్బు ముదిరినట్టు తప్పు ఫలితం రావొచ్చు. రేపు ఆపరేషన్ అవసరమైతే, ఏళ్ల తరబడి వాపుతో ఉన్న పొరలో గాయం త్వరగా మచ్చకట్టి, నీరు పోవడానికి కొత్తగా చేసిన దారి మూసుకుపోయే అవకాశం ఎక్కువ. అన్నిటికన్నా ముందు, మండే మందును మనిషి మానేస్తాడు.

ఎర్రబడిన కంటికి సొంత వైద్యం

కన్ను ఎర్రబడగానే మనవాళ్లు చేసే పనులు కొన్ని ఉన్నాయి. నందివర్ధనం పూలు కళ్ల మీద అద్దుకుంటారు. ఆముదం చుక్క వేస్తారు. పసిపిల్లల తల్లి ఇంట్లో ఉంటే చనుబాలు పిండుతారు. చల్లగా అనిపించొచ్చు గానీ, అప్పటికే పైపొర గాయపడి ఉన్న కంట్లోకి వీటితో క్రిములు చేరితే కార్నియాకు పుండు పడుతుంది. ఆ పుండు మానినా తెల్లమచ్చ మిగులుతుంది.

ఇంతకంటే ప్రమాదం మెడికల్ షాపులో ఉంది. ‘కన్ను ఎర్రగా ఉంది, ఏదన్నా చుక్కలివ్వు బాబూ’ అని అడిగితే చేతికొచ్చే సీసాలో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. ఒక్క రోజులో ఎరుపు పోతుంది. మళ్లీ ఎర్రబడితే మళ్లీ అదే సీసా. స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి వాడితే సుమారు మూడింట ఒకరికి కంటి ఒత్తిడి పెరుగుతుంది. కొందరికి విపరీతంగా పెరుగుతుంది. గ్లాకోమా ఉన్న కంటిలో ఇది ఎగదోసిన మంట.

ఎండాకాలం రాగానే కళ్లు నులుముకుంటూ దురద దురద అనే పిల్లల విషయంలో తల్లిదండ్రులు మరీ జాగ్రత్తపడాలి. వేడి, పొడి వాతావరణంలో ఎక్కువగా కనిపించే ఎలర్జీ అది. డాక్టరు వారం రోజులకు రాసిన స్టెరాయిడ్ చీటీ చూపించి ఏళ్ల తరబడి కొని వేస్తే, పెద్దయ్యాక దురద పోతుంది, చూపు కూడా పోయి ఉండొచ్చు. చీటీలో రాసిన రోజులు అయిపోతే మందూ అయిపోయినట్టే.

సీసాలు తగ్గించే దారులు

కంటి పైపొర జబ్బుకు వైద్యం గ్లాకోమా మందు ఆపడంతో మొదలవదు, మందుల చీటీని మళ్లీ చూడటంతో మొదలవుతుంది. రెండు వేర్వేరు సీసాల బదులు రెండు మందులూ కలిసిన ఒకే సీసా రాయొచ్చు. డోర్జోలమైడ్, టిమొలాల్ కలిపినవి, బ్రిమోనిడిన్, టిమొలాల్ కలిపినవి మన దగ్గర దొరుకుతాయి. రోజుకు అయిదు చుక్కలు పడేచోట రెండు చాలు. బ్రిమోనిడిన్ కొందరికి నెలలు వాడాక ఎలర్జీ తెస్తుంది. కళ్లు దురదపెట్టి రెప్పలు ఉబ్బితే ఆ మందు మార్చక తప్పదు. టిమొలాల్ రాసేముందు ఉబ్బసం ఉందా, గుండె నెమ్మదిగా కొట్టుకుంటుందా అని డాక్టరు అడుగుతారు. అడక్కపోతే మీరే చెప్పాలి.

రెండోది, ప్రిజర్వేటివ్ లేని చుక్కలు. ఒక్కసారికి సరిపడే చిన్న గొట్టాల్లోనో, గాలీ క్రిములూ లోపలికి పోకుండా వడపోత అమర్చిన సీసాల్లోనో ఇవి వస్తాయి. ఈ తరహా ప్రోస్టాగ్లాండిన్లలో మొదటిదైన టాఫ్లుప్రోస్ట్‌ను అమెరికా 2012లో అనుమతించింది. ప్రిజర్వేటివ్ పూర్తిగా లేనిది కాకపోయినా, బెంజాల్కోనియం లేకుండా సన్ ఫార్మా తయారుచేసిన లాటానోప్రోస్ట్‌కు 2018లో అక్కడ అనుమతి వచ్చింది. ఒత్తిడి తగ్గించడంలో ఇవి పాతవాటికి తీసిపోవు. ధర మాత్రం ఎక్కువ. అందుకే అందరికీ కాకపోయినా, కన్ను పొడిబారినవారికి, మూడు నాలుగు మందులు వాడుతున్నవారికి, ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారికి వీటిని ముందు ఆలోచించాలి.

మూడోది లేజర్. నీరు పోయే జల్లెడ మీద తక్కువ శక్తి లేజర్ కొట్టి దారి సులువు చేస్తారు. ఎస్‌ఎల్‌టీ అంటారు. కొద్ది నిమిషాల పని, అదే రోజు ఇంటికి వెళ్లొచ్చు. బ్రిటన్‌లో 718 మందిపై జరిగిన ‘లైట్’ అధ్యయనంలో మొదట లేజర్ చేయించుకున్నవారిలో మూడేళ్ల తర్వాత నలుగురిలో ముగ్గురికి చుక్కల అవసరమే రాలేదు. ఆరేళ్లకూ దాదాపు డెబ్బై శాతం మంది చుక్కలు లేకుండానే ఉన్నారు. మూడేళ్ల ఫలితాలు వచ్చాక 2022లో బ్రిటన్ మార్గదర్శకాలు కొత్త రోగులకు లేజర్‌ను మొదటి వైద్యంగా సూచించాయి. అయితే ఇది ఓపెన్ యాంగిల్ రకానికి. మన దేశంలో తక్కువేమీ కాని, నీటి మూల మూసుకుపోయే రకానికి వేరే లేజర్ ఉంది. నల్లపాప పక్కన చిన్న రంధ్రం చేస్తారు. కొందరికి లెన్సు తీసి కొత్తది పెట్టినా మూల తెరుచుకుంటుంది.

ఇవేవీ చాలనప్పుడు ఆపరేషన్. 1968 నుంచి వాడుకలో ఉన్న ట్రాబెక్యులెక్టమీలో నీరు పోవడానికి కొత్త దారి తీస్తారు. అది పనిచేయదనిపించే కళ్లకు సన్నని గొట్టం అమరుస్తారు. విదేశీ గొట్టాలు ఖరీదైనవి కావడంతో మదురైలోని ఆరోల్యాబ్ 2013లో తక్కువ ఖర్చు గొట్టాన్ని తెచ్చింది. దాంతో పేదవారికీ ఈ వైద్యం దగ్గరైంది.

పైపొరకు చేయాల్సిన వైద్యం ఇవన్నీ జరుగుతుండగానే సాగాలి. ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీళ్లు, గోరువెచ్చటి బట్టతో రెప్పల మీద కాపడం, రెప్పల అంచులు శుభ్రం చేసుకోవడం, వాపు ఎక్కువైతే డాక్టరు రాసే సైక్లోస్పోరిన్ చుక్కలు. కృత్రిమ కన్నీళ్ల సీసాలోనూ ప్రిజర్వేటివ్ ఉంటే చేసిన మేలు కాస్తా పోతుంది. కాబట్టి లేబుల్ చూసి కొనాలి. ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు రెప్పలు వేయడం తగ్గుతుంది. గంటకోసారి కళ్లు మూసి కాసేపు ఆగడం మందు ఖర్చులేని వైద్యం.

చుక్క వేసుకోవడం ఇలా

• ఒక్క చుక్క చాలు. కంటి మీద కన్నీటి పొర పట్టేది సుమారు ఏడు మైక్రోలీటర్లు. సీసా నుంచి పడే చుక్క దానికి నాలుగైదు రెట్లు. రెండో చుక్క చెంప మీదకే పోతుంది.

• చేతులు కడుక్కుని, తల వెనక్కి వాల్చి, కింది రెప్పను లాగి ఆ సంచిలో వేయాలి. సీసా మొన కంటికీ రెప్పకూ తగలకూడదు.

• వేశాక కళ్లు మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కాలి. మందు గొంతులోకి, రక్తంలోకి పోవడం తగ్గుతుంది. గుండెకూ ఊపిరితిత్తులకూ మేలు.

• రెండో మందుకు కనీసం అయిదు నిమిషాలు ఆగాలి. లేకపోతే మొదటిది కొట్టుకుపోతుంది.

• రెప్పల మీద ఒలికింది వెంటనే తుడిస్తే చర్మం నల్లబడటం తగ్గుతుంది.

• కాంటాక్ట్ లెన్సులుంటే తీసి వేసుకుని, పావుగంట తర్వాతే మళ్లీ పెట్టుకోవాలి.

• మామూలు లాటానోప్రోస్ట్ సీసాను తెరవకముందు ఫ్రిజ్‌లో ఉంచాలి. తెరిచాక 25 డిగ్రీల లోపు అయితే ఆరు వారాలు బయట ఉంచొచ్చు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని ఏ గదీ 25 డిగ్రీల లోపు ఉండదు. కాబట్టి ఎండాకాలంలో తెరిచిన సీసా కూడా ఫ్రిజ్‌లోనే మేలు. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. పార్కింగ్‌లో ఉన్న కారులో మరచిపోతే ఆ సీసా మీద నమ్మకం పెట్టుకోవద్దు.

పసిపిల్లల్లోనూ...

గ్లాకోమా పెద్దవాళ్ల జబ్బు మాత్రమే కాదు. పాశ్చాత్య దేశాల్లో సుమారు పది వేల జననాల్లో ఒకరికి కనిపించే పుట్టుక గ్లాకోమా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,300 మందిలో ఒకరికి ఉందని అధ్యయనం చెప్పింది. మేనరికాలు దీనికి ఒక కారణం. బిడ్డ కళ్లు చాలా పెద్దగా, అందంగా ఉన్నాయని మురిసిపోయేలోగా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. వెలుతురుకు కళ్లు మూసుకుంటోందా? ఎప్పుడూ నీరు కారుతోందా? నల్లగుడ్డు పొగమంచు పట్టినట్టు ఉందా? వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగొద్దు. పిల్లలకు చుక్కలకంటే ఆపరేషనే ముఖ్యం. అది ఎంత ముందు జరిగితే అంత చూపు దక్కుతుంది.

అలాగే ఏ వయసువారికైనా ఉన్నట్టుండి కన్ను భరించలేనంతగా నొప్పి పుట్టి, ఎర్రబడి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తూ వాంతులైతే, అది చుక్కల వల్ల వచ్చిన ఎరుపు కాదు. నీటి మూల ఒక్కసారిగా మూసుకుపోయిన గ్లాకోమా కావొచ్చు. తలనొప్పి బిళ్ల వేసి పడుకోబెట్టకుండా ఆ రాత్రే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

డాక్టరుతో చెప్పండి

పరీక్షకు వెళ్లినప్పుడు ‘మందు వేసుకుంటున్నారా’ అని డాక్టరు అడిగితే, వారంలో మూడు రోజులే వేసుకున్నవారు కూడా తలూపుతారు. ఆ తలూపు చూసి మందు పనిచేయలేదనుకుని ఇంకో సీసా రాస్తారు. మంట రెట్టింపవుతుంది. కాబట్టి నిజం చెప్పండి. ఏ మందు వేస్తే ఎంతసేపు మండుతోందో, ఎన్ని రోజులు మానేశారో, ఖర్చు భరించగలరో లేదో చెప్పండి. వాడుతున్న సీసాలన్నీ, స్టెరాయిడ్ చుక్కలతో సహా, సంచిలో వేసుకుని వెళ్లండి. ‘ప్రిజర్వేటివ్ లేనిది ఉందా? రెండూ కలిసిన సీసా ఉందా? నాకు లేజర్ పనికొస్తుందా? కన్ను పొడిబారిందేమో చూశారా?’ అని అడగండి. ఇవి డాక్టరును తప్పుపట్టే ప్రశ్నలు కావు, ఆయన పనిని తేలిక చేసేవి.

గ్లాకోమా ఉన్నవారి అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ పిల్లలకూ ఆ ముప్పు మిగతావారికన్నా చాలా రెట్లు ఎక్కువ. ఇంట్లో ఒకరికి ఉందని తెలిస్తే నలభై దాటిన రక్తసంబంధీకులంతా నరం పరీక్ష చేయించుకోవాలి. ఏటా మార్చిలో గ్లాకోమా వారోత్సవాల్లో చాలా ఆసుపత్రులు ఉచితంగానే చూస్తాయి. ఇక చుక్కలు వాడుతున్నవారికి ఒక్కటే మాట. మంట పుడితే మందు మానొద్దు, మార్పించుకోండి. మార్చేదాకా ఈ రాత్రి చుక్క ఈ రాత్రే వేసుకోండి.